ప్రెస్సు వాళ్ళ రెండో కోడలు

హేచరీ వెనక, ఆడవాళ్ళ గదులు
శుక్రవారం

అత్తయ్యా,

ఈ ఉత్తరం కుట్టుమిషను ఆవిడ పేరున పంపుతున్నాను. వీలు చూసుకుని మీకు అందిస్తానంది. ఇంటికి ఫోను చేస్తే మీ అబ్బాయి ఎత్తి, నా గొంతు వినగానే పెట్టేస్తున్నాడు. మీకేమో ఆ ఫోను నొక్కడం రాదు. మన ఇద్దరికీ ఇక మిగిలిన దారి ఇదే. చదివాక పొయ్యిలో పెట్టేయండి.

నాకు పని దొరికింది. కోడిగుడ్లను పొదిగించే హేచరీలో. చీకటి గదిలో గుడ్డును దీపం మీద పెట్టి చూడాలి. లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే ఉంచాలి, ఖాళీగా ఉంటే తీసెయ్యాలి. మొదట్లో కళ్ళు మండేవి. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా గుడ్లే కనిపిస్తున్నాయి. గదిలో నాతో ఇంకో ఇద్దరున్నారు. ఒకావిడ కోడిపిల్లలకు టీకాలు వేస్తుంది, అందరూ టీకాలక్క అంటారు. రెండో ఆవిడ బాగా పొడుగు, మాట తక్కువ.

అసలు సంగతి రాస్తాను. కోర్టులో మీ అబ్బాయి వేసిన కాగితంలో, నేను పాపను వదిలేసి నా అంతట నేనే ఇల్లు విడిచి పోయానని ఉంది. లాయరుగారు చదివి వినిపించారు. ఆ రోజు నా బ్యాగు వీధిలోకి విసిరింది ఆయన. నన్ను గుమ్మం అవతలికి తోసి గడియ పెట్టింది ఆయన. పాప లోపల ఏడుస్తోంది. మీరు హాల్లో కుర్చీలో ఉన్నారు. చూసిన పెద్దమనిషి మీరొక్కరే. ఆ మాట మీరు జడ్జిగారి ముందు చెబితే పాప నా దగ్గరికి వస్తుంది, చెప్పకపోతే రాదు. లాయరుగారు ఇంతకన్నా మెత్తగా చెప్పలేదు.

ఇంకొకటి అడగడానికి సిగ్గుగా ఉంది. ఇక్కడ టీవీ లేదు. మనిద్దరం చూసే ప్రెస్సు వాళ్ళ సీరియల్ ఏమైంది? రెండో కోడలు టెలిఫోను ఎక్స్ఛేంజి పరీక్ష రాసి బయటికి వస్తున్న దగ్గర నేను ఆగిపోయాను. గురువారం సాయంత్రం అయ్యేసరికి చేతులు ఊరికే ఉండటం లేదు. పాసయిందో లేదో రాయండి.

పాప గురించి రాయండి. ఏం తింటోంది, జడ ఎవరు వేస్తున్నారు, స్కూల్లో ఎవరైనా ఏమైనా అంటున్నారా.

మీ కోడలు


ఇల్లు, వంటగది

అమ్మాయ్,

కుట్టుమిషను ఆవిడ జాకెట్టు కొలతలకని వచ్చి, గుడ్డలో చుట్టి నీ ఉత్తరం ఇచ్చింది. “ముసలిదానికి ఇప్పుడు కొత్త జాకెట్టు ఎందుకు” అన్నాడు వాడు. “పోయేటప్పుడు వేసుకోవడానికి” అన్నాను. నీ ఉత్తరం కోసం నేనొక జాకెట్టు కుట్టించుకోవాల్సి వచ్చింది.

పాప బాగానే ఉంది. పైపన్ను ఊడింది. జడ నేనే వేస్తున్నాను, బిగించి వేస్తున్నానని రోజూ గోల. పొద్దున నీ గురించి అడుగుతుంది, స్కూలు నుంచి వచ్చాక అడగదు.

రెండో కోడలు పాసయింది. పాసయినవాళ్ళ పేర్లు గోడకి అంటిస్తే, అందరికంటే వెనక నిలబడి మునివేళ్ళ మీద లేచి చూసుకుంది. ఇంటికి వచ్చి చెబితే మామగారు సీసపు అక్షరాలు ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు. మొగుడు, ఆ రెండోవాడు, రేడియో సౌండు పెంచి “ఉద్యోగానికి వెళ్తే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు” అన్నాడు. పెద్ద కోడలు తలుపు చాటున మూతి తిప్పింది. చిన్న రేకుపెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది ఆ పిల్ల. కొడుకుని మాత్రం మొగుడు వదల్లేదు. అత్తగారు అచ్చుయంత్రం పక్కన నిలబడి చూసింది. ఏం అనలేదు. ఏమంటుంది?

ఈ సీరియల్ తీసేవాళ్ళకి అరవైల కాలమంటే కొప్పులేనని ఎవరు చెప్పారో. పనిమనిషి నెత్తిన కూడా జానెడు కొప్పు పెట్టారు. గిన్నెలు తోముతుంటే అది ముందుకు వాలుతోంది. అప్పుడు నేను కొత్త కోడల్ని. తల దువ్వుకోవడానికే తీరిక లేదు, కొప్పులో ఉండలు ఎవరు కూరుకుంటారు? రేడియో ఒక్కటి సరిగ్గా పెట్టారు. నొక్కిన వెంటనే పలకదు. ముందు లైటు వెలగాలి, వేడెక్కాలి, అప్పుడు గొంతు వస్తుంది. అది చూడగానే మా మామగారు గుర్తొచ్చారు.

కోర్టు సంగతి తీరిగ్గా రాస్తాను. మోకాళ్ళు బాగాలేవు, చేతికర్ర లేకుండా లేవలేకపోతున్నాను.

అత్తయ్య


హేచరీ వెనక, ఆడవాళ్ళ గదులు

అత్తయ్యా,

మీ ఉత్తరం పైకి చదివాను. మా గదిలో ఇద్దరూ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని విన్నారు. టీకాలక్క ఆ సీరియల్ ఎప్పుడూ చూడలేదు. “ఎవరీ రెండో కోడలు, మీ బంధువా?” అంది. ఇక మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. వీధి మొత్తానికి ఒకటే రేడియో, వాళ్ళింట్లో, అది వినడానికి కిటికీ బయట నిలబడే జనం, జీతగాళ్ళకంటే ముందు లేచి యంత్రానికి నూనె పెట్టే మామగారు, అన్నీ చెప్పాను. ఇప్పుడు పనిలో కూడా అదే మాట. పెట్టెల్లో కోడిపిల్లల్ని సర్దుతూ, అవి కీచుకీచుమంటుంటే వాటికంటే గట్టిగా, “మీ అత్తగారి ఉత్తరం వచ్చిందా” అని అరుస్తుంది. మేనేజరు నాకేదో జబ్బు కబురు వచ్చిందనుకుని సెలవు కావాలా అని అడిగాడు.

పొడుగావిడ అంతా విని ఒకటే అంది. “ఆ అత్తగారు చూస్తూ ఊరుకుందా?” సీరియల్లో అత్తగారు కదా అన్నాను.

కొప్పుల మాటకి నవ్వుకున్నాం. కానీ హాల్లో మీ పెళ్ళి ఫోటోలో మీ నెత్తిన ఉన్నది కూడా తక్కువ ఎత్తేమీ కాదు.

విచారణ నెలాఖరు సోమవారానికి పడింది. మిమ్మల్ని పిలుస్తారు. మెట్లు ఎక్కలేరని చెప్పాను, కింద గదిలోనే కుర్చీ వేయిస్తారట. మీరు ఏమీ నేర్చుకుని రానక్కర్లేదు. చూసింది చూసినట్టు చెబితే చాలు. “సరే” అని ఒక్క మాట రాయండి. మిగతా కాగితమంతా సీరియలే రాయండి, నాకేం అభ్యంతరం లేదు.

మీ కోడలు


ఇల్లు, వంటగది

అమ్మాయ్,

నా పెళ్ళి ఫోటోలో ఉన్నది నా కొప్పు కాదు. ఫోటో తీసేవాడు తెచ్చిన సవరం. వాడు ఊళ్ళో అందరి నెత్తినా దాన్నే పెట్టి తీశాడు. మా ఆడపడుచు ఫోటో చూడు, అదే సవరం, అదే వంకర.

రెండో కోడలి కథ బాగాలేదు. రాయడానికి నాకే మనసు రావడం లేదు. ఎక్స్ఛేంజిలో గోడంత బోర్డు, దాని ముందు వరసగా ఆడవాళ్ళు, చెవులకి గిన్నెల్లాంటివి తగిలించుకుని తాళ్ళు ఒకచోట పీకి ఇంకోచోట గుచ్చుతున్నారు. ఈ పిల్ల ఎవరో పెద్ద ఆఫీసరు ఫోను తీసుకెళ్ళి చేపల గోదాముకి కలిపింది. పైఅధికారి అందరి ముందూ కడిగేసింది. గదికి వస్తే పైకప్పు కారుతోంది. ఒళ్ళు కాలిపోతోంది. మంచినీళ్ళు ఇచ్చే దిక్కు లేదు. కిటికీలోంచి చూస్తే స్కూలుకి పోయే పిల్లలు. తన కొడుకు వయసు వాడొకడు చెప్పు ఊడిపోతే ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అది చూసి, లేచి, రేకుపెట్టె తెరిచింది. అక్కడ ఆపేశారు.

ఉద్యోగం అంటే వినడానికి బాగానే ఉంటుంది. ఒంట్లో బాగాలేని రోజున తెలుస్తుంది.

నువ్వు అడిగిన మాట. వాడు నా ఎదురుగా కూర్చుని తింటాడు. వాడికి వడ్డిస్తూ, ఆ చేత్తోనే సరే అని ఎలా రాయను? కొంచెం ఆగు. మగవాడి కోపం ఎన్నాళ్ళుంటుంది? వాడి టైర్ల కొట్టులో కూర్చునే ఆ ఆడమనిషి ఈమధ్య మన ఇంటి వైపు రావడం లేదు. నువ్వు ఒకసారి వచ్చి మాట్లాడితే కోర్టూ వద్దు, మెట్లూ వద్దు. పాప నీ దుప్పటి కప్పుకునే పడుకుంటోంది.

అత్తయ్య


హేచరీ వెనక, ఆడవాళ్ళ గదులు

అత్తయ్యా,

టీకాలక్క మీ మీద కోపంగా ఉంది, సీరియల్ మీరే తీసినట్టు. “ఒక ఫోను తప్పు కలిపితే మొగుడి దగ్గరికి పోతుందా? నేను చేరిన కొత్తలో సూది కోడిపిల్లకి బదులు మేనేజరు వేలికి గుచ్చాను. నేను పోయానా?” అంటుంది. పోలేదు సరే, ఆ మేనేజరుకి ఇప్పటిదాకా కోళ్ళ జబ్బు ఒక్కటీ రాలేదని అందరూ నవ్వుతారు.

పొడుగావిడ మాత్రం “వెళ్తుంది. జ్వరం వస్తే వెళ్తారు” అంది. తనూ ఒకసారి అలాగే వెళ్ళిందట. మళ్ళీ వచ్చేసిందట. ఎందుకని అడిగితే దిండు సర్దుకుని అటు తిరిగి పడుకుంది.

నాకు మాత్రం ఆ పిల్ల అలా చేసిందంటే ఎక్కడో అతకడం లేదు. పరీక్షకి ఫీజు లేకపోతే చెవుల కమ్మలు తీసిచ్చిన మనిషి. కథ రాసేవాళ్ళు మారారేమో. మొదటి నుంచీ రాసినవాళ్ళయితే ఆ పైఅధికారికి ఎదురు చెప్పించేవాళ్ళు.

నేను రాను అత్తయ్యా. తోసేసినవాడి దగ్గరికి వెళ్ళి నేను మాట్లాడేదేముంది? అక్కడికి వచ్చి ఒక్క పూట ఉన్నా, “చూశారా, వస్తుంది, పోతుంది” అని అదీ కాగితంలో రాయిస్తాడు. నాకు కావలసింది పాప. దానికి అడ్డం ఉన్నది మీ మాట ఒక్కటే. ఇది కోపంగా రాయడం లేదు, ఉన్నది రాస్తున్నాను.

తర్వాత ఏమైందో రాయండి. టీకాలక్క నన్ను బతకనివ్వదు.

మీ కోడలు


ఇల్లు, వంటగది

అమ్మాయ్,

వచ్చేసింది.

కుండపోత వాన. గుమ్మం ముందు తడిసి ముద్దై నిలబడింది, తలుపు కొట్టడానికి చెయ్యి రావడం లేదు. లోపల అత్తగారికి ఎలా తెలిసిందో తెలిసింది. తనే వచ్చి తలుపు తీసింది. పచ్చ అంచు తువ్వాలు తెచ్చి తల తుడిచింది. తుడుస్తుంటే ఆ పిల్ల ఏడుపు తువ్వాల్లోనే పోయింది. మొగుడు తల వంచుకుని పెట్టె లోపలికి తెచ్చాడు. మామగారు యంత్రం ఆపేసి వచ్చాడు, చావు కబురొచ్చినా ఆపని మనిషి. పిల్లాడు పరిగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకున్నాడు. అప్పుడు అత్తగారు బీరువా తాళాలు తీసి రెండో కోడలి చేతిలో పెట్టి, “ఇక నువ్వు చూసుకో, నేను కూర్చుంటాను” అంది. పెద్ద కోడలి ముఖం చూడాలి, నేరేడు పండు రంగు. నేనూ పాపా ఇద్దరం ఏడ్చాం.

వాడు కూడా చూశాడు. చూసి లేచి వెళ్ళిపోయాడు. నిన్న “దాని ఆరోగ్యం ఎలా ఉందో” అన్నాడు. నన్ను అడిగినట్టు కాదు, గోడని అడిగినట్టు. వాడి సంగతి నీకు తెలుసు కదా, ఆ మాత్రం అన్నాడంటే మెత్తబడ్డట్టే.

మీ టీకాలక్కకి చెప్పు, మొగుడి దగ్గరికి పోలేదు, ఇంటికి వచ్చింది అని. రెండూ ఒకటి కాదు.

అత్తయ్య


హేచరీ వెనక, ఆడవాళ్ళ గదులు
ఆదివారం

అత్తయ్యా,

ఈ రోజు సబ్బులు కొనడానికి ముగ్గురం బస్టాండు దాకా వెళ్ళాం. అక్కడ టీ కొట్టులో టీవీ ఉంది. ఆదివారం మధ్యాహ్నం పాత వారాలవి మళ్ళీ వేస్తారని నాకు తెలియదు. మొదట టీకాలక్కే చూసింది. “ఆ కొప్పులు ఇవేనా?” అంది. అవే.

రెండో కోడలు ఎక్స్ఛేంజిలో కూర్చుని ఉంది. జ్వరం లేదు. కొత్తగా చేరినవాళ్ళకి తాడు ఎక్కడ గుచ్చాలో చూపిస్తోంది. మెట్ల మీద అలికిడైతే తల తిప్పింది. అత్తగారు. పిల్లాడి చెయ్యి పట్టుకుని, ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. “వీణ్ణి నీ దగ్గర ఉంచుకో. అడిగితే నేనే తెచ్చి ఇచ్చానని చెబుతాను” అంది.

టీ కొట్టాయన ఒక్క వారం వదలకుండా చూస్తాడట. వాన ఎప్పుడు పడిందని అడిగాను. వాన లేదన్నాడు. తాళాలు? లేవన్నాడు. “మీరు వేరే చానల్ చూసి ఉంటారమ్మా” అన్నాడు. వాళ్ళిద్దరి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. మా అత్తగారు పెద్దావిడ, పొరపాటు పడి ఉంటుందన్నాను. “పొరపాటు వానలో తడవదు” అంది టీకాలక్క.

ఇన్ని వారాలూ మీరు రాసింది మీ సొంత సీరియల్. నేను దాన్ని పైకి చదివి వినిపించాను.

కొట్టులో కూర్చునే ఆమె ఇంటికి రావడం లేదన్నారు. అదీ ఇలాంటిదేనా? ఆయన నా ఆరోగ్యం అడిగాడన్నారు, అది? నా దుప్పటి కప్పుకుంటోందన్నది? పాపకి పన్ను ఊడిందన్నది నిజమేనా?

మీ కోడలు


ఇల్లు, వంటగది

అమ్మాయ్,

పన్ను నిజంగానే ఊడింది. కాగితంలో మడిచి దీంతోపాటు పంపుతున్నాను, చూసుకో. దుప్పటి కూడా నిజం. మిగతావి నువ్వు అనుకున్నట్టే.

అవును, మార్చాను. నువ్వు టీ కొట్టులో నిలబడి చూసింది నేను ఇంట్లో కూర్చుని చూశాను. ఆ అత్తగారు పిల్లాణ్ణి అప్పగించి మెట్లు దిగుతుంది. దిగుతుంటే పాట వేశారు. ఇంటికి వెళ్ళాక కొడుకు తలుపు తీశాడా? ఆ పూట ఆవిడ ఎవరింట్లో ముద్ద తింది? ఎక్కడ పడుకుంది? అది చూపించలేదు. పై వారం చూపిస్తారేమోనని కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. పై వారమంతా పెద్ద కోడలి తమ్ముడు స్కూటరు కొన్న సంబరం. ఆవిడ వెనకాల కాఫీలు ఇస్తూ తిరుగుతోంది, ఏమీ జరగనట్టు. సీరియల్లో అత్తగార్లకి చెల్లుతుంది. రాసేవాడికి వాళ్ళ గొడవ పట్టదు.

నాకు డెబ్భై దాటాయి. నువ్వంటే గది చూసుకున్నావు. ఆ గదిలో నాలుగో మంచం వేసి నన్ను పెట్టుకుంటావా? పెట్టుకోవు, నేను రాను. నీ లాయరుగారు నాకు కుర్చీ వేయిస్తానన్నాడు కదా, ఆ కుర్చీలోంచి లేచాక నేను ఎటు నడవాలో కూడా చెప్పమను.

కొట్టు మనిషి రోజూ వస్తోంది. మొదట్లో ఉప్పు ఎక్కడుందని నన్ను అడిగేది. ఇప్పుడు డబ్బాలన్నీ తనకి అందేలా సర్దుకుంది, అడగడం మానేసింది.

నువ్వు తిరిగి వస్తావని రాసుకున్నాను. రాస్తుంటే కొంచెం బాగుండేది. అంతే.

సోమవారం వస్తాను. వాడే తీసుకొస్తాడు. ఏం చెబుతానో నాకే తెలియదు.

అత్తయ్య


హేచరీ వెనక, ఆడవాళ్ళ గదులు
మంగళవారం

అత్తగారికి,

మీరు జడ్జిగారి ముందు కూర్చుని “నేను లోపల టీవీ చూస్తున్నాను, ఏమీ చూడలేదు” అన్నారు. ఆ వేళ కరెంటు లేదు. మీరు హాల్లో విసనకర్రతో విసురుకుంటున్నారు. ఇంకేదైనా అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మనిద్దరం పక్కపక్కన కూర్చుని చూసిన దాన్ని అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత జడ్జిగారు పాపను తన గదిలోకి పిలిచి అడిగారు. అది చెప్పింది రాయించి అందరి ముందూ చదివించారు. మీరూ విన్నారు. “నాన్న అమ్మ బ్యాగు బయట పారేశాడు. అమ్మని తోశాడు. నాన్నమ్మ లేచి వచ్చి గడియ పెట్టింది.”

నేను మీ ముఖం చూశాను. మీరు చేతికర్ర చూసుకుంటున్నారు.

ఇన్నాళ్ళూ గడియ ఆయనే పెట్టాడనుకున్నాను. లాయరుగారికీ అలాగే చెప్పాను. ఆ రోజు బయట నిలబడి “అత్తయ్యా, అత్తయ్యా” అని పిలిచాను. మీ కర్ర చప్పుడు తలుపు దాకా వచ్చింది. తీయడానికి వస్తున్నారనుకున్నాను. గడియ చప్పుడైతే, మిమ్మల్ని పక్కకి నెట్టి ఆయన పెట్టేశాడనుకున్నాను. ఆ మోకాళ్ళతో లేచి వచ్చిందని ఇక్కడ ఇద్దరికీ చెప్పి మిమ్మల్ని మెచ్చుకున్నాను.

పాపను నాకిచ్చారు. ఆదివారాలు వాళ్ళ నాన్న దగ్గరికి పంపాలి. ఇప్పుడు టీకాలక్క దానికి కోడిపిల్లని నలపకుండా ఎలా పట్టుకోవాలో నేర్పుతోంది. నేను గెలిచినట్టేనని లాయరుగారు అన్నారు.

కోడలు


ఇల్లు, పెరట్లో సామాన్ల గది

అమ్మాయ్,

పాప నిజమే చెప్పింది. అబద్ధం ఆడకూడదని దానికి నేర్పింది నేనే, ఇంకెవరున్నారు నేర్పడానికి?

జడ్జిగారు అడిగినదానికి అది చెప్పింది. అడగనిది ఒకటుంది. నిన్ను తోశాక వాడు హాల్లోకి వచ్చాడు. మూలన టైర్లు ఊడదీసే ఇనుప కడ్డీ ఉంది, కొట్టు నుంచి తెచ్చి అక్కడే పెట్టేవాడు. అది చేతిలోకి తీసుకున్నాడు. నువ్వు బయట నిలబడి అరుస్తున్నావు, పోవడం లేదు. వాడు మళ్ళీ గుమ్మం వైపు వస్తున్నాడు. నేను వాడికంటే ముందు లేచాను. ఎలా లేచానో తెలియదు. గడియ పెట్టి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. వాడు నా ముఖం చూసి కడ్డీ కింద పడేశాడు. నేను నిన్ను బయట పెట్టలేదు. వాణ్ణి లోపల పెట్టాను.

ఇది కోర్టులో ఎందుకు చెప్పలేదంటావు. గడియ పెట్టానంటే ఎందుకు పెట్టావంటారు. ఎందుకో చెబితే కన్నకొడుకు చేతిలో ఏముందో చెప్పాలి. వాడు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. అందుకని అసలు చూడలేదన్నాను. టీవీ మాట నోటికి వచ్చింది, అన్నాను.

దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు. పిల్ల పోయిందని వాడు నాతో మాట మానేశాడు. నా మంచం ఇక్కడికి మార్చారు, పాత టైర్ల మధ్య. టీవీ హాల్లోనే ఉంది, ఆ కొట్టు మనిషి చూస్తోంది. గొంతులు వినిపిస్తాయి, ఎవరు ఏమంటున్నారో తెలియదు. ఆదివారం పాప వచ్చినా ముందు గదిలోనే కూర్చోబెట్టి పంపేశాడు.

నమ్మకపోతే పాపనే అడుగు, నాన్న చేతిలో ఏముందని. దానికి గుర్తుంటే చెబుతుంది. అడిగి, నాకు రాయి. ఒక్కసారి దాన్ని నాకు చూపించు.

అత్తయ్య


హేచరీ వెనక, ఆడవాళ్ళ గదులు

అత్తగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పైకి చదవలేదు.

బాగా రాశారు. మూలన కడ్డీ, తలుపుకి ఆనించిన వీపు, మీ ముఖం చూసి ఆయన దాన్ని కింద పడేయడం, అన్నీ కళ్ళకి కట్టాయి. తువ్వాలుకి పచ్చ అంచు ఉందని రాసినప్పుడు కూడా ఇలాగే కట్టాయి. అప్పుడు నమ్మాను.

ఇది నిజం కావచ్చు. ఆయన అలాంటి పని చేయడని నేను అనలేను. నిజమైతే ఆ రోజు నన్ను కాపాడింది మీరే, మీకు నేను నా పాపతో సహా రుణపడ్డాను. కాకపోతే నా ముఖాన తలుపు వేసింది మీరే. రెండింట్లో ఏదో ఒకటి. మీ చేతిరాత చూసి తేల్చుకోవడం నాకు చేతకాదు. అది రెండింటికీ ఒకలాగే ఉంటుంది.

పాపను అడగమన్నారు. అడగను. కోర్టు మెట్లు దిగుతూ అది నన్ను “నేను చెప్పినందుకు నాన్నమ్మని తిడతారా?” అని అడిగింది. తిట్టరని చెప్పాను. దాని చేత ఇంకో సాక్ష్యం చెప్పించను, మీ కోసమైనా, నా కోసమైనా.

మిమ్మల్ని చూడనివ్వమని లాయరుగారి చేత ఆయనకి కబురు చేయించాను. ఆదివారం పాపను సామాన్ల గది దాకా రానిస్తానన్నాడట. అది వచ్చినప్పుడు ఆ రోజు మాట ఎత్తకండి. వేరే ఏదైనా చెప్పండి.

ప్రెస్సు వాళ్ళ సీరియల్ మేం ముగ్గురం టీ కొట్టులో చూస్తున్నాం. మీరు రాయక్కర్లేదు.

పాప తల్లి